ఇంట్లో గాలినీ నీటినీ గోడలనూ కొలిచే పరికరాలు: వాడి చూశాక నా అభిప్రాయం

కంటికి కనిపించని ప్రమాదాలను ఇంట్లోనే కనిపెట్టి చెబుతామంటూ అమ్మే పరికరాలు ఈ మధ్య చాలా వచ్చాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ లీక్ అలారం, గాలి నాణ్యత మానిటర్, నేల నుంచి వచ్చే రేడాన్ వాయువును కొలిచే మీటరు, తాగే నీటిలో ముంచి కరిగిన లవణాలను చూసే టీడీఎస్ మీటరు, పెయింటులో సీసాన్ని చూపించే పుల్లలు, బూజును పెంచి చూపించే పళ్లాలు, గోడలో తేమను చెప్పే మీటర్లు వీటిలో ఉన్నాయి. వీటిలో చాలావాటిని ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ చలికాలంలోనూ ఇంట్లో పెట్టి వాడాను. అమ్మేవారు వీటన్నిటినీ ఒకే వరుసలో, ఒకే రకమైన హామీతో అమ్ముతారు. వాడిన తరువాత మాత్రం వీటి మధ్య ఉన్న తేడా చాలా పెద్దదని తెలిసింది. కొన్ని ఒక్క రాత్రిలో ప్రాణం కాపాడగలవు. కొన్ని తెర మీద ఒక అంకె చూపించి, అసలు ప్రమాదం గురించి ఏమీ చెప్పకుండానే మనసుకు ధైర్యం ఇచ్చేస్తాయి. నా దృష్టిలో పరికరమే లేకపోవడం కన్నా ఈ రెండో రకం ఎక్కువ హాని చేస్తుంది. అందుకే ప్రతి పరికరం విషయంలోనూ అది దేన్ని నేరుగా కొలుస్తోంది, దేన్ని అంచనా వేసి చెబుతోంది అన్నది ముందు చూశాను. అంకె తెలిశాక మనం చేయగలిగిన పని ఏదైనా ఉందా అన్నది ఆ తరువాత చూశాను.

నిస్సందేహంగా కొనమని చెప్పగలిగిన మొదటి వస్తువు కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. గ్యాస్, కిరోసిన్, బొగ్గు, కట్టె, పెట్రోలు వంటి ఏ ఇంధనమైనా తగినంత గాలి అందకుండా మండితే ఇది పుడుతుంది. పొగగొట్టం సరిగా లేని గ్యాస్ గీజర్, తలుపులు మూసిన గదిలో కుంపటి, కిటికీ పక్కన నడిచే జనరేటర్, మూసి ఉన్న షెడ్డులో ఇంజిను ఆపని కారు దీనికి మామూలుగా కారణాలు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా ఈ వాయువును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, గాలిలో కొద్దిపాటి మోతాదు ఉన్నా గంటలు గడిచేకొద్దీ అది శరీరంలో పేరుకుంటుంది. మామూలు గాలిలోకి వచ్చాక రక్తంలో చేరిన దానిలో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే అదే సగం సుమారు గంటన్నరలో పోతుంది.

మొదట కనిపించేవి తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, నీరసం. జ్వరం లేకుండా ఇంట్లో అందరికీ ఒకేసారి ఇవి మొదలైతే, బయటికి వెళ్లగానే తగ్గి లోపలికి రాగానే తిరిగి వస్తే, అజీర్తి అనుకుని మాత్ర వేసుకుని పడుకోకూడదు. చాలా ఇళ్లలో ఇప్పుడు వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ ఉంటోంది. ఈ విషయంలో దాన్ని అస్సలు నమ్మకూడదు. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కూ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కూ అది తేడా తెలుసుకోలేదు. మనిషి స్పృహ తప్పే స్థితిలో ఉన్నా అది తొంభై ఎనిమిది చూపించవచ్చు.

ఈ అలారాల పనితీరుకు గట్టి ప్రమాణాలు ఉండడం నాకు బాగా నచ్చింది. అమెరికాలో వాడే యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం గాలిలో 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70 పాళ్లు) ఉంటే ఒకటి నుంచి నాలుగు గంటల లోపల, 150 పీపీఎం ఉంటే 10 నుంచి 50 నిమిషాల లోపల, 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల లోపల అలారం మోగాలి. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 50291 ఇంకాస్త ముందే మోగించమంటుంది: 50 పీపీఎం దగ్గర 60 నుంచి 90 నిమిషాల లోపల, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాల లోపల, 300 దగ్గర మూడు నిమిషాల లోపల. ఈ రెండింటిలో ఏదో ఒకటి పెట్టె మీద కాకుండా పరికరం ఒంటి మీదే అచ్చయి ఉంటే తప్ప కొనవద్దని నా సలహా. ఏ ప్రమాణమూ రాయని చౌక అలారాలు బజారులో దొరుకుతాయి. అవి మోగవచ్చు, మోగకపోవచ్చు. ఆ సంగతి తేలేది ప్రమాదం వచ్చిన రోజునే.

ఈ ప్రమాణాల్లోనే ఒక లోటు కూడా ఉంది. ఇవి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు స్పృహ కోల్పోయే లోపు హెచ్చరించడానికి రాసినవి. అమెరికా ప్రమాణం ప్రకారం 30 పీపీఎం దగ్గర నెల రోజుల పాటు అలారం మోగకూడదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం చూస్తే, 24 గంటల సగటు ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు మించకూడదు. అది సుమారు 3.5 పీపీఎం. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో గర్భిణులూ పసిపిల్లలూ గుండె జబ్బు ఉన్నవారూ ఉన్నారు. అందువల్ల మోగడం ఒక్కటే తెలిసిన అలారం కన్నా, తక్కువ మోతాదులను కూడా అంకెల్లో చూపి, గడిచిన రోజుల్లో నమోదైన గరిష్ఠ అంకెను గుర్తుపెట్టుకునే తెర ఉన్న రకం చాలా మేలు. గీజర్ వాడిన ప్రతిసారీ అంకె పదికో పదిహేనుకో ఎక్కుతుంటే, అలారం ఎన్నడూ మోగకపోయినా ఆ గీజర్ పొగగొట్టాన్ని తెలిసినవారి చేత చూపించాల్సిందే.

వాడకంలో కొన్ని సంగతులు గమనించాను. ‘టెస్ట్’ మీట నొక్కితే మోగేది బ్యాటరీ, హారను బాగున్నాయని చెప్పడానికే. వాయువును గుర్తించే సెన్సార్ బతికి ఉందో లేదో ఆ మీట చెప్పదు. సెన్సార్ లోపల ఉన్న రసాయనం కాలక్రమేణా పనిచేయడం మానేస్తుంది కాబట్టి తయారీని బట్టి అయిదు నుంచి పదేళ్లలో పరికరం మొత్తాన్నీ మార్చాలి. ఆ గడువు తేదీ వెనకవైపు, గోడకు ఆనుకునే చోట చిన్న అక్షరాలతో ఉంటుంది. బిగించే ముందే దాన్ని ముందుభాగాన పెద్దగా రాసిపెట్టుకోవడం మంచిది. ఈ వాయువు బరువు గాలి బరువుకు దాదాపు సమానం. అందువల్ల నేల దగ్గరే పెట్టాలని గానీ పైకప్పుకే తగిలించాలని గానీ నియమం లేదు. పడకగదికి దగ్గరగా, నిద్రలో ఉన్నవాళ్లకు వినపడే చోట ఉండడమే ముఖ్యం. అలారం మోగితే కిటికీలు తెరిచి ఎక్కడినుంచి వస్తోందోనని లోపలే వెతకకూడదు. అందరూ బయటికి వచ్చి, ఒక్కరూ లోపల మిగల్లేదని చూసుకుని, అక్కడి నుంచి సహాయానికి ఫోన్ చేయాలి.

గ్యాస్ లీక్ అలారాన్ని చాలామంది కార్బన్ మోనాక్సైడ్ అలారానికి బదులుగా కొంటారు. ఇవి రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. లీక్ అలారం మండని గ్యాస్‌ను పట్టుకుంటుంది, మొదటిది సరిగా మండని గ్యాస్ వల్ల పుట్టే విషాన్ని పట్టుకుంటుంది. లీక్ అలారం విషయంలో పెట్టే చోటే అన్నిటికన్నా ముఖ్యం. సిలిండర్లలో వచ్చే ఎల్పీజీ గాలి కన్నా బరువు కాబట్టి నేల వెంబడి పరుచుకుంటుంది, అలారం నేలకు దగ్గరగా ఉండాలి. గొట్టాల ద్వారా వచ్చే సహజ వాయువు గాలి కన్నా తేలిక, దానికి పైకప్పు దగ్గర పెట్టాలి. రెండింటికీ పనికొస్తుందంటూ మధ్యలో ఎక్కడో ప్లగ్గులో గుచ్చే రకాలు నాకు నచ్చలేదు. స్ప్రేలకూ స్పిరిట్‌కూ ఇవి అనవసరంగా మోగుతాయి. సిలికోన్ ఉన్న పాలిష్‌ల ఆవిరి తగులుతూ ఉంటే సెన్సార్ మొద్దుబారుతుంది. అయినా వాసన పట్టే శక్తి తగ్గిన పెద్దవాళ్లు ఉండే ఇంటికి ఇది తప్పకుండా అవసరం. ఇది మోగినప్పుడు స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నదాన్ని ఆపకూడదు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి బయటికి వెళ్లాలి.

ఎక్కువమంది ఇష్టపడి కొనేది, ఎక్కువగా అపార్థం చేసుకునేది గాలి నాణ్యత మానిటర్. ఒకే తెర మీద పీఎం 2.5 (గాలిలోని సన్నని ధూళి కణాలు), కార్బన్ డయాక్సైడ్, టీవీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాల మొత్తం), ఫార్మాల్డిహైడ్ (జిగురుల నుంచి వెలువడే వాయువు), తేమ, ఉష్ణోగ్రత అన్నీ కనిపిస్తాయి. ఈ ఆరింటినీ ఒకే నమ్మకంతో చదవకూడదు.

పీఎం 2.5ను ఇవి లేజర్ వెలుతురును గాలిలోకి పంపి, కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి లెక్కిస్తాయి. ఇంట్లో జరిగే మార్పులను పట్టుకోవడంలో ఈ పద్ధతి ఆశ్చర్యపరిచేంత బాగా పనిచేసింది. నూనెలో వేయించేటప్పుడు అంకె కొద్ది నిమిషాల్లోనే వందల్లోకి వెళ్లడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే త్వరగా దిగిరావడం, దోమల కాయిల్ వెలిగించిన గదిలో రాత్రంతా దిగకుండా ఉండడం కళ్లారా చూశాక ఇంట్లో అలవాట్లు మారాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు మించకూడదు. పచ్చ, పసుపు, ఎరుపు రంగులను చూసి తృప్తి పడకుండా మైక్రోగ్రాముల అంకెనే చూడాలి. ఏ అంకెకు ఏ రంగు వేయాలన్నది దేశాన్ని బట్టీ తయారీదారును బట్టీ మారిపోతుంది. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఈ సెన్సార్ నీటి తుంపరలను కూడా ధూళిగానే లెక్కపెడుతుంది. అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫైయర్ పక్కన పెడితే చూపే అంకె పొగను మించిపోతుంది. సుమారు 0.3 మైక్రాన్ల కన్నా చిన్న కణాలు దానికి దాదాపు కనిపించవు.

కార్బన్ డయాక్సైడ్ దగ్గర అసలు మోసం జరుగుతుంది. ఈ వాయువును నిజంగా కొలవాలంటే పరారుణ కాంతితో పనిచేసే ఎన్‌డీఐఆర్ సెన్సార్ గానీ అలాంటి నేరు పద్ధతి మరొకటి గానీ ఉండాలి. చౌక మానిటర్లలో అది ఉండదు. ఇంకో సెన్సార్ పసిగట్టిన ఆవిరులను బట్టి, ఇంట్లో మనుషులు ఉన్నారు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉండవచ్చని ఒక ఊహ వేసి, దాన్నే కొలతగా చూపిస్తారు. దీన్ని కనిపెట్టడం సులభం. చేతులకు రాసుకునే శానిటైజర్ చుక్కను దూది మీద వేసి, మన ఊపిరి తగలకుండా పరికరం పక్కన పెట్టాలి. నిజమైన సెన్సార్ అయితే కార్బన్ డయాక్సైడ్ అంకె కదలదు. ఊహించేది అయితే వేలల్లోకి ఎగబాకుతుంది. అలా ఎగబాకిన పరికరాన్ని తిరిగి ఇచ్చేయాలి.

నిజమైన సెన్సార్ ఉన్న మానిటర్ మాత్రం చాలా విలువైనది. బయటి గాలిలో ఇప్పుడు సుమారు 420 పీపీఎం ఉంటుంది. గదిలో అది వెయ్యి దాటితే బయటి గాలి చాలినంత రావడం లేదని అర్థం. ఇద్దరు తలుపులూ కిటికీలూ మూసుకుని పడుకున్న గదిలో తెల్లవారేసరికి రెండు వేలు దాటడం మామూలే. ఆ మోతాదు దానంతట అది విషం కాదు. గదిలో ఇతర కాలుష్యాలు కూడా బయటికి పోవడం లేదనీ, ఒకరి జబ్బు ఇంకొకరికి సోకే వీలు పెరిగిందనీ అది చెబుతుంది. కొనేవారికి ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఈ సెన్సార్లలో చాలావరకు, గత కొన్ని రోజుల్లో తాము చూసిన అతి తక్కువ అంకెనే బయటి గాలిగా భావించి తమను తాము సరిచేసుకుంటాయి. ఎప్పుడూ మూసే ఉండే గదిలో పెడితే ఆ లెక్క తప్పి, చెడిన గాలినే మంచి గాలిగా చూపడం మొదలుపెడతాయి. వారానికి ఒకసారైనా పరికరాన్ని బాల్కనీలోనో కిటికీ బయటో కాసేపు పెడితే ఈ ఇబ్బంది ఉండదు.

టీవీఓసీ అంకె గురించి ఎక్కువ రాయడానికి లేదు. నారింజ తొక్క ఒలిచినా, బెంజీన్ ఉన్న ద్రావకం డబ్బా తెరిచినా ఆ సెన్సార్‌కు ఒకటే. మొదటిదానికి భయపడనక్కర్లేదు, రెండోది క్యాన్సర్ కారకం. వాటిని వేరుచేయలేని అంకెను బట్టి ఏ నిర్ణయమూ తీసుకోలేం. ఫార్మాల్డిహైడ్ అంకె కూడా దాదాపు ఇంతే, చౌక సెన్సార్లు దాన్నీ ఆల్కహాల్‌నూ కలగాపులగం చేస్తాయి. ఆ ప్రమాదం మాత్రం నిజమైనదే. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన బోర్డుల నుంచి, ముఖ్యంగా కొత్త బీరువాలూ అలమరల నుంచి అది నెలల తరబడి వెలువడుతుంది. వేడీ తేమా పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి గాలికి పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాములు. అనుమానం ఉంటే గాలిని పీల్చుకునే చిన్న గొట్టాన్ని గదిలో వేలాడదీసి ప్రయోగశాలకు పంపే పద్ధతి మేలు. అంతకన్నా ముందు, కొత్త ఫర్నిచర్‌ను గాలి బాగా ఆడే చోట కొన్ని వారాలు ఉంచడానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

మానిటర్‌లోని అంకెల్లో అతి సాదాగా కనిపించే తేమ శాతమే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. ఇంట్లో తేమ 60 శాతం లోపల, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉండాలి. అది దాటి రోజులు గడిస్తే బూజూ, దుమ్ములో పెరిగే సూక్ష్మ పురుగులూ పెరుగుతాయి. మీ మీటరు సరిగా చెబుతోందో లేదో చూడడం కష్టం కాదు. చిన్న మూతలో మామూలు ఉప్పు పోసి, ముద్ద అయ్యేంత వరకే నీళ్లు కలిపి, దాన్నీ మీటరునూ గాలి చొరని సంచిలో పెట్టి పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచాలి. ఆ సంచిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపితే అది అయిదు తక్కువ చెబుతోందన్నమాట. ఆ తేడా రాసిపెట్టుకుంటే చౌక మీటరు కూడా పనికొస్తుంది.

గోడలో గుచ్చే తేమ మీటర్లను చెక్క కోసం తయారు చేస్తారు. సిమెంటు పూతలో లవణాలు ఉంటే ఆరిన గోడను కూడా తడిగా చూపుతాయి. ఒకే గోడ మీద అనుమానం ఉన్న చోటూ లేని చోటూ పోల్చి చూడడానికి మాత్రమే వాడాలి. బూజు పరీక్ష పళ్లాలను కొనవద్దని గట్టిగా చెబుతాను. బూజు బీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి. ఆహారం నింపిన పళ్లెం తెరిచి పెడితే ఏ ఇంట్లోనైనా బూజు పెరుగుతుంది, అది చూపించి మీ ఇల్లు ప్రమాదంలో ఉందని ఖరీదైన శుభ్రత సేవ అమ్ముతారు. గాలిలో ఇన్ని బీజాలు దాటితే ప్రమాదమని అందరూ ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. గోడ మీద బూజు కనిపిస్తున్నప్పుడు అది ఏ జాతిదో తెలుసుకోవడం వల్ల చేయాల్సిన పని మారదు. నీరు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుని ఆపాలి, తడిసినవాటిని 24 నుంచి 48 గంటల లోపల ఆరబెట్టాలి. గట్టి ఉపరితలాలను సబ్బునీళ్లతో రుద్ది ఆరనివ్వాలి, మెత్తని బోర్డులనూ పరుపులనూ తీసేయాలి. ఒక చదరపు మీటరు లోపు ఉంటే మాస్కు, చేతి తొడుగులు వేసుకుని మనమే చేసుకోవచ్చు. బ్లీచింగ్ ద్రవాన్ని అమోనియా ఉన్న క్లీనర్‌తో గానీ టాయిలెట్ కడిగే ఆమ్లంతో గానీ ఎప్పుడూ కలపకూడదు. మూసిన స్నానాల గదిలో ఆ విషవాయువులు బూజు కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం.

రేడాన్ మీటరు గురించి మొదట సందేహంగా ఉన్నా, వాడాక మంచి అభిప్రాయమే కలిగింది. రేడాన్ నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే రేడియోధార్మిక వాయువు. పునాదుల పగుళ్ల నుంచి ఇంట్లోకి వచ్చి కింది అంతస్తుల్లో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరు శరీరం మీద రేడియేషన్ ఉందని అక్కడి అలారాలు మోగాయి. కేంద్రంలో ఇంకా ఇంధనమే నింపలేదు. వెతికితే అది ఆయన ఇంట్లోని రేడాన్ నుంచి వచ్చిందని తేలింది. ఇళ్లలో రేడాన్‌ను పరీక్షించాలన్న పట్టుదల అక్కడ బలపడింది ఆ తరువాతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు ఘనపు మీటరుకు 100 బెకరెళ్లు (రేడియోధార్మికతకు కొలమానం), అది సాధ్యం కాని చోట 300 దాటకూడదు. అమెరికాలో చర్య తీసుకోమనే స్థాయి 148.

ఇంట్లో వాడే డిజిటల్ రేడాన్ మీటర్లు ఓపిక ఉన్నవారికి బాగా పనికొస్తాయి. మొదటి ఒకటి రెండు రోజుల అంకెలను పట్టించుకోకూడదు. వాతావరణాన్ని బట్టి, కిటికీలను బట్టి రేడాన్ రోజురోజుకూ మారుతుంది కాబట్టి నెలల సగటునే నమ్మాలి. ప్రయోగశాలకు పంపే వాటిలో రేడాన్‌ను పీల్చుకునే బొగ్గు డబ్బాలు కొద్ది రోజుల లెక్క చెబుతాయి, రేడియేషన్ కణాలు ప్లాస్టిక్ మీద వదిలే గుర్తులను లెక్కించే ఆల్ఫా ట్రాక్ రకం మూడు నెలల నుంచి ఏడాది దాకా లెక్క చెబుతుంది. రెండో రకమే మేలు. పై అంతస్తుల ఫ్లాట్లలో ఉండేవారికి ఇది అంత ముఖ్యం కాదు. అంకె ఎక్కువగా వస్తే పగుళ్లు పూడ్చడం ఒక్కటే సరిపోదు. నేల కింది నుంచి గాలిని గొట్టం, ఫ్యాన్ ద్వారా ఇంటి పైకి లాగేసే ఏర్పాటు చేయాలి. అది తేలికగా జరిగే పని, ఫలితం మీటరులో వెంటనే కనిపిస్తుంది. ప్రమాదం కనపడ్డాక దాన్ని తగ్గించే దారి ఇంత స్పష్టంగా ఉండడం వల్లే ఈ మీటరును మెచ్చుకుంటున్నాను. ఒకటి కొని నలుగురు ఇరుగుపొరుగులు వంతులవారీగా వాడుకోవచ్చు కూడా.

టీడీఎస్ మీటరు మీద నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పరికరం చెడ్డదని కాదు, దానితో చెప్పిస్తున్న మాటలు తప్పు. నీటిలో విద్యుత్తు ఎంత సులభంగా ప్రవహిస్తుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి, కరిగిన లవణాలు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అది చెబుతుంది. నీటి రుచికి ఆ అంకె పనికొస్తుంది: 600 లోపు ఉంటే సాధారణంగా రుచి బాగుంటుంది, వెయ్యి దాటితే తాగబుద్ధి కాదు. ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలకు మాత్రం దాని దగ్గర జవాబు లేదు. తాగే నీటిలో ఆర్సెనిక్‌కూ సీసానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే టీడీఎస్ లెక్కలో ఒకటిలో నూరో వంతు. ఆ హద్దుకు పది రెట్లు ఆర్సెనిక్ ఉన్నా మీటరు అంకె ఒక్కటి కూడా మారదు. బ్యాక్టీరియా, వైరస్, పురుగుమందు దానికి అసలే కనిపించవు. 80 చూపించిన నీళ్లు జబ్బు చేయవచ్చు, 500 చూపించిన నీళ్లు క్షేమంగా ఉండవచ్చు. రెండింటినీ వేరుచేసి చెప్పే శక్తి దానికి లేదు.

దీనికి తోడు, ఇంటికి వచ్చి ఫిల్టరు అమ్మేవారు చేసే ఒక ప్రదర్శన ఉంది, దాని గురించి అందరూ తెలుసుకోవాలి. రెండు గ్లాసుల నీళ్లలో ఇనుప, అల్యూమినియం కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. కుళాయి నీళ్లు నిమిషంలో గోధుమ రంగుకు మారి అడుగున మడ్డి చేరుతుంది, ఫిల్టరు నీళ్లు అలాగే ఉంటాయి. ఆ మడ్డి నీటిలోనిది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. లవణాలు లేని నీటిలో కరెంటు పారదు కాబట్టి అక్కడ కడ్డీ కరగదు, అంతే. ఫిల్టరు నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేసి చూపమంటే అమ్మకందారు ఒప్పుకోకపోవడం నేను చూశాను. నీటి గురించి నిజంగా తెలుసుకోవాలంటే ప్రయోగశాలకు పంపడం తప్ప దారి లేదు. బోరు నీళ్లు అయితే ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్, కోలీఫాం బ్యాక్టీరియా తప్పనిసరిగా అడగాలి. ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్‌కు 50. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ ఈ లవణాలు పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఈ సంగతి తెలియక పసిపిల్లలకు నైట్రేట్ ఉన్న నీళ్లను ఎక్కువసేపు మరిగించి ఇచ్చే ఇళ్లు ఉన్నాయి.

పెయింటులో సీసాన్ని చూపించే పుల్లలను పాత ఇంట్లో గోడలు గోకే ముందు వాడడం మంచిదే, వాటి హద్దులు తెలిసి ఉంటే. గోడకు రుద్దితే గులాబీ రంగుకో ఎరుపుకో మారడం వీటిలో ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి. పై పూత మీద రుద్దితే కింద ఉన్న పాత పూతల సంగతి తెలియదు. అన్ని పొరలూ కనపడేలా చిన్న గాటు పెట్టి అక్కడ రుద్దాలి. ఎర్ర పెయింటు మీద ఫలితం చదవలేం, పసుపు, నారింజ పెయింట్లలో ఉండే లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పదార్థం చాలా ఆలస్యంగా రంగు చూపుతుంది. ముఖ్యంగా, ఈ పుల్లలు నమ్మకంగా పట్టుకునేది బరువులో 0.5 శాతం, అంటే 5000 పీపీఎం దగ్గర. కొత్త పెయింటుకు ఇప్పుడు చాలా దేశాల్లో అమలవుతున్న హద్దు 90 పీపీఎం. రంగు మారితే సీసం ఉన్నట్టే అనుకుని జాగ్రత్త పడవచ్చు గానీ, మారకపోతే లేదని అనుకోకూడదు. అనుమానం ఉన్న పెయింటును పొడిగా గోకకూడదు, మంటతో కాల్చకూడదు. తడిపి తీయాలి, పిల్లలను ఆ గదికి దూరంగా ఉంచాలి, నేలను తడిగుడ్డతో తుడవాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ ఆ ధూళిని ఇల్లంతా చల్లుతుంది. పిల్లల రక్తంలో సీసానికి క్షేమమైన మోతాదు అంటూ ఏదీ తెలియదు కాబట్టి, అలాంటి ఇంట్లో ఉన్న పిల్లలకు రక్తపరీక్ష చేయించడం ఏ పుల్ల కన్నా ముందు చేయాల్సిన పని.

ఊపిరితిత్తులకు హాని చేసే నార ఖనిజమైన ఆస్బెస్టాస్‌ను ఇంట్లో కనిపెట్టే మీటరు లేదు, ఉందని చెప్పేవారిని నమ్మవద్దు. పాత రేకులు, గొట్టాల చుట్టూ కట్టిన పూత, నేల పలకలు అనుమానాస్పదంగా ఉంటే తెలిసినవారు తడిపి తీసిన చిన్న ముక్కను ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో చూడాల్సిందే. విరగకుండా, పొడి రాలకుండా ఉన్నదాన్ని కదపకుండా వదిలేయడమే ఎక్కువ సందర్భాల్లో క్షేమం. దానికి రంధ్రాలు వేయడం, దాన్ని కోయడం, చీపురుతో ఊడ్చడం చేయకూడదు.

ప్రయోగశాలల సేవ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పైన చాలా చోట్ల అక్కడికే పంపమన్నాను. మంచి నివేదికలో ప్రతి పదార్థం పక్కనా నాలుగు సంగతులు ఉంటాయి: వచ్చిన అంకె, దాని కొలమానం (యూనిట్), అనుమతించిన హద్దు, ఆ పద్ధతి పట్టుకోగలిగిన అతి తక్కువ మోతాదు. చివరిది రాయకుండా ‘లేదు’ అని మాత్రమే రాసిన నివేదికకు విలువ లేదు. పట్టుకునే శక్తి 50 మైక్రోగ్రాములు ఉన్న పద్ధతితో 10 మైక్రోగ్రాముల హద్దును పరీక్షించి ‘లేదు’ అంటే ఏమీ తేలనట్టే. డబ్బు కట్టే ముందే ఈ ప్రశ్న అడిగితే, మంచి ప్రయోగశాల వెంటనే జవాబు చెబుతుంది. నమూనా తీసే పద్ధతిని కూడా రాతపూర్వకంగా ఇమ్మనాలి. గొట్టాల నుంచి సీసం దిగుతోందేమో చూడడానికి రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి, పొద్దున వచ్చే మొదటి లీటరు పట్టాలి. బ్యాక్టీరియా కోసం అయితే వాళ్లిచ్చిన శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, లోపలి వైపు వేలు తగలకుండా మూత బిగించి, మంచు పెట్టిన డబ్బాలో అదే రోజు అందించాలి.